సంతకం కింద ప్రశ్న

చిరంజీవి మా అమ్మాయికి, అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేనూ, మీ నాన్నా, డబ్బా ముగ్గురం క్షేమం. ఇంటి పాటలూ, ఫోటోలూ, నీ నోట్సూ దాచే ఆ కంప్యూటర్ని నేను సర్వర్ అంటాను, నువ్వు పెట్టె అంటావు, ఆయన మాత్రం దాన్ని ఇంట్లోకి తెచ్చిన రోజు నుంచీ డబ్బా అనే పిలుస్తున్నారు. ఈమధ్య నాకూ అదే అలవాటైపోయింది. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారం అందింది, ఈరోజు శుక్రవారం. ఈ జవాబు ఆరుసార్లు మొదలుపెట్టి ఆరుసార్లూ చించేశాను. చెత్తబుట్ట చూసి మీ నాన్న "ఏమిటే, ఎవరిమీదన్నా పిటిషన్ పెడుతున్నావా?" అన్నారు. "అవునండీ, మీమీదే" అన్నాను. అప్పటినుంచీ కాస్త దూరంగా కూర్చుంటున్నారు.

నువ్వు ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. నాలుగోది సంతకం కింద, వేరే ఇంకుతో, చీమ తలకాయంత అక్షరాలతో రాశావు. "అమ్మా, నేను నోట్స్‌లో రాసుకునేవి నీకు కనిపిస్తాయా?" అది చదివిన దగ్గర్నుంచీ నా కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. లేస్తున్నాను, కూర్చుంటున్నాను, వెళ్ళి డబ్బా దీపాలు చూసి వస్తున్నాను. అవి హాయిగా మినుకు మినుకుమంటున్నాయి, వాటికేం! దానికి జవాబు రాస్తాను, తప్పించుకోను. కానీ వరసలో రానీ. ముందు కొన్ని చెప్పకపోతే అది చెప్పడం నావల్ల కాదు.

ముందుగా మీ నాన్న కన్ను. ఆపరేషన్ బాగానే జరిగింది. డాక్టరమ్మ నల్లద్దాలు తీయొద్దంది, ఆయన తీస్తారు. చుక్కల మందు రోజుకి నాలుగుసార్లంది, ఆయనకి రెండుసార్లే వేసినట్టు గుర్తుంటుంది. ముప్ఫై ఏళ్ళు బస్సులో జనాన్ని లోపలికి జరగండి, లోపలికి జరగండి అని తోసిన మనిషి, ఆయన్ని ఎవరైనా ఒక మాట అంటే వింటారా? చూపు మాత్రం తేటపడింది. కన్ను విప్పగానే ఆయన అన్న మొదటి మాట "నీ మొహం మీద ఇన్ని మచ్చలు ఎప్పుడొచ్చాయే?" అని. మళ్ళీ కట్టు కట్టించేద్దామనుకున్నాను.

ఇక డబ్బా ఎక్కడ పెట్టావని అడిగావు. దీని దగ్గరే కొంచెం తల దించుకోవాలి. ఉతికే మిషన్ పైన అరలో పెట్టాను. నువ్వు తల పట్టుకుంటావని తెలుసు. హాల్లో ఉంటే దాని లోపలి ఫ్యాన్ చప్పుడుకి మీ నాన్నకి పాటలు వినపడటం లేదట. ఆ పాటలు వచ్చేది ఆ డబ్బాలోంచే కదండీ అంటే, "అయితే మాత్రం? వంటవాడు వచ్చి పక్కన కూర్చోవాలా?" అన్నారు. సరే, అక్కడైతే కరెంటు పాయింటుంది, గాలి వస్తుంది, రౌటర్ గోడకి అవతలే ఉంది అని అక్కడికి మార్చాను. మిషన్ బట్టలు పిండేటప్పుడు గోడ కూడా ఊగుతుందన్న సంగతి నాకు తట్టలేదు. ఎనిమిది నెలలు, వారానికి మూడుసార్లు, లోపల తిరిగే డిస్కుని ఆ కుదుపులో పెట్టాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో లైన్లు పరీక్షించే టెస్ట్ డెస్కు మీద పదకొండేళ్ళు చేసినదాన్ని, ఎవరికైనా చెబితే నవ్విపోతారు. ఇప్పుడు పుస్తకాల అలమరలో, కింద అట్ట వేసి పెట్టాను. ఫ్యాన్ చప్పుడు మీ నాన్న భరిస్తున్నారు.

కుదుపులు తిన్న డిస్కు ఏమవుతుంది? మూడు వారాల కిందట, మంగళవారం మధ్యాహ్నం, బట్టలు ఆరేసి వస్తుంటే లోపలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. వెంటనే ఆపేశాను. రెండు రోజులు నోట్స్ తెరుచుకోలేదన్నావే, ఆ రోజులు అవే. "ఏమైనా పోయిందా?" అని అడిగావు. ఏమీ పోలేదు తల్లీ, ఒక్క అక్షరం కూడా పోలేదు. బ్యాకప్ వేరే డిస్కులో ఉంది, అది అలమరలో ఉంది, అది ఏ మిషనూ ఊపలేదు. కొత్త డిస్కు తెచ్చి బిగించాను, సిస్టమ్ ఎక్కించాను, యాప్‌లు ఒక్కొక్కటీ మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాను. మీ నాన్న పాటలు, మా ఎక్స్ఛేంజ్ స్నేహితురాళ్ళ ఫోటోలు, చివరికి నీ నోట్స్. పాటలు అరగంటలో లేచాయి. ఫోటోలు లేచాయి. నీ నోట్స్ మాత్రం మొండికేసింది, అచ్చు నీలాగే.

ఆ మొండితనం సంగతి చెప్పేముందు నీకు ఒకటి గుర్తుచేయాలి. ఆరేళ్ళ కిందట నువ్వు గాజు ఫ్యాక్టరీలో సీసాలు పరీక్షించే ఉద్యోగంలో చేరడానికి వెళ్తూ అన్నావు, "నా రాతలు ఎవరో కంపెనీవాళ్ళ దగ్గర ఉండటం నాకిష్టం లేదమ్మా. నీ దగ్గరైతే ఎవరూ చూడరు" అని. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో నీకు తెలియదు. నోట్స్ యాప్ ఎక్కించడం నాకు అప్పటికి రాదు. డొమైన్ అంటే ఏమిటో, పోర్టు తెరవడం ఏమిటో, తాళం గుర్తు రాకపోతే బ్రౌజర్ ఎందుకు అరుస్తుందో, అన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకున్నాను. పదిహేను రోజులు తల ప్రాణం తోకకొచ్చింది. ఆఖరికి నువ్వు అంతదూరంనుంచి తెరిచి "వచ్చిందమ్మా!" అని ఫోన్లో అరిచినప్పుడు, నాకు మొట్టమొదటి ట్రంక్ కాల్ కలిపిన రోజు గుర్తొచ్చింది.

ట్రంక్ కాల్ అంటే గుర్తొచ్చింది. నీకు ఆ రోజుల కబుర్లు చాలా చెప్పాను కానీ ఒక సంగతి సరిగ్గా చెప్పినట్టు లేదు. కాల్ కలిపాక ఆపరేటరు ఒక్క క్షణం లైన్లోకి వెళ్ళి వినాలి. అది మా పనిలో భాగం. అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒకరికొకరు అందారో లేదో చూసుకోవాలి. అందారని తెలియగానే వినే కీ మూసేయాలి. మా సూపర్వైజరమ్మ కుర్చీల వెనకాల నడుస్తూ "గొంతు వినండమ్మా, మాట వినకండి" అనేది. రోజుకి వందసార్లు అనేది, చెవిలో జోరీగలాగా. ఒకమ్మాయి వింది. ఎవరిదో పెళ్ళి తప్పిపోతోందని లైన్లో విని, వెళ్ళి వాళ్ళకి తెలిసినవాళ్ళకి చెప్పింది. మంచికే చెప్పింది, పాపం. మర్నాడు ఆ అమ్మాయి కుర్చీ ఖాళీ. నేను మాత్రం పంతొమ్మిదేళ్ళు బోర్డు ముందు కూర్చుని ఒక్కరి మాటా వినలేదు. ఏడుపు వినపడినా కీ మూసేశాను. నా గురించి నేను గొప్పగా చెప్పుకునేది ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఇప్పుడే లేచి వచ్చాను. మీ నాన్న కాఫీ అడిగారు, ఇచ్చాను. కలం ఎక్కడ పెట్టానో కాసేపు కనపడలేదు, చేతిలోనే ఉంది.

సరే. నీ నోట్స్ మొండికేసింది అన్నాను కదా. నేను ఎక్కించిన యాప్ కొత్త వెర్షను, బ్యాకప్‌లో ఉన్నది పాత వెర్షను డేటా. ఒకదానికొకటి పొసగలేదు. యాప్ లేవదు, తెర మీద ఎర్ర అక్షరాలు. మర్నాడు పాత వెర్షనే వెతికి ఎక్కిస్తే లేచిందనుకో, అది తర్వాతి మాట. యాప్ లేస్తే నీ పాస్‌వర్డుతో నువ్వే లోపలికి వెళ్ళి చూసుకుందువు, నాకు పనుండేది కాదు. లేవకపోయేసరికి, అసలు నీ రాతలన్నీ బ్యాకప్‌లోంచి సరిగ్గా వచ్చాయా లేదా అని నాకు బెంగ పట్టుకుంది. దానికి ఒక దారి ఉంది. యాప్‌తో పనిలేకుండా, దాని వెనక ఉండే డేటాబేస్‌లోకి నేరుగా వెళ్ళి చూడొచ్చు. అక్కడ పాస్‌వర్డు అడగదు. డబ్బా నాది కదా, అన్ని తాళాలూ నావే.

ఎన్ని నోట్లున్నాయని అడిగాను. నాలుగు వందల పన్నెండు అంది. బ్యాకప్ తీసినప్పుడు కాగితం మీద రాసిపెట్టుకున్న అంకె కూడా నాలుగు వందల పన్నెండే. అక్కడ ఆగిపోవాల్సింది. అన్నీ అందాయి, కీ మూసేయాలి. కానీ చివరి నోటు ఏ తేదీదో చూస్తే ఇంకా నిశ్చింతగా ఉంటుంది అనిపించింది. అదీ తప్పు కాదు, అందరూ అలాగే చూస్తారు. తేదీ ఒక్కటే చూపించమని అడగాల్సింది. నేను చివరి వరస, అంటే ఆ నోటు మొత్తం చూపించమని అడిగాను. టైపు చేయడం సులువని. అంతే.

తెర నిండా నీ మాటలు వచ్చేశాయి.

కనిపిస్తాయా అని అడిగావు. కనిపిస్తాయమ్మా. ఆరేళ్ళుగా ఎప్పుడు కావాలంటే అప్పుడు కనిపించేవి. ఆ సంగతి నీకు మొదటి రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. నేనెలాగూ చూడను కదా, చెప్పడం ఎందుకులే అనుకున్నాను. చూశాను.

ఆ నోటు పేరు "అమ్మకి చెప్పినవి". నువ్వు రాసుకున్నది ఇది: "ఫిబ్రవరి, అతనికి పంటినొప్పి అని రాశాను. మార్చి, పన్ను తీయించుకున్నాడని రాశాను, అమ్మ ఏ పక్కది అని అడిగింది, ఎడమ పక్క అన్నాను, గుర్తుంచుకోవాలి. ఏప్రిల్, హాలుకి పచ్చ కర్టెన్లు కొన్నాం. మే, అతను ఆఫీసు పనిమీద ఊరెళ్ళాడు, అందుకే ఫోన్లో దొరకడం లేదు. జూన్‌కి ఏం రాయాలో ఆలోచించాలి."

ఒసే, నీ తెలివి తగలెయ్య! మొదట నాకు అర్థం కాలేదు. రెండోసారి చదివితే అర్థమైంది. అర్థమయ్యాక నవ్వొచ్చింది, నిజంగానే నవ్వాను. పోలీసులాగా అల్లుడికి ఏ పక్క పన్ను, పక్క పన్ను కదిలిందా, కట్టించాడా అని నెలనెలా ప్రశ్నలు వేసి, నొప్పే లేని పన్ను నీచేత పీకించాను. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో తెలియదు. ఉతికే మిషన్‌కి ఆనుకుని, కింద గచ్చు మీద కూర్చుండిపోయాను.

ఇంతవరకూ పొరపాటు. ఇకనుంచి చెప్పేది పొరపాటు కాదు, అందుకే ఆరు కాగితాలు చిరిగాయి. ఆ తర్వాత రెండు నోట్లు నేను కావాలని తెరిచాను. కళ్ళు తుడుచుకుని, చేతులు కడుక్కుని, మళ్ళీ వచ్చి కూర్చుని, తెలిసి తెలిసి తెరిచాను. సూపర్వైజరమ్మ గొంతు చెవిలో వినపడుతూనే ఉంది. అయినా తెరిచాను.

ఒకటి నీ గదిది. ఫిబ్రవరి నుంచీ అతనితో విడిపోయి ఒక్కదానివే ఉంటున్నావని, దెబ్బలాట కూడా లేదని, ఒకే ఇంట్లో ఒకరితో ఒకరికి పనిలేకుండా పోయిందని. ఆ గదిలో కిటికీ తెరుచుకోదని, అన్నం నిలబడే తినేస్తున్నావని. రెండోదాని పేరు "అమ్మకి ఎలా". అందులో ఉత్తరం మొదలుపెట్టి మొదలుపెట్టి వదిలేశావు. "అమ్మా, కంగారు పడకు." అక్కడ ఆపేశావు. "అమ్మా, ఇందులో ఎవరి తప్పూ లేదు." అక్కడా ఆపేశావు. "అమ్మా, చెప్పగానే నేను అప్పుడే అనుకున్నాను అని మాత్రం అనకు." చివరిదాంట్లో "అమ్మా" అని ఒక్క మాటే ఉంది. దాని కింద ఏమీ లేదు.

నీమీద కోపం వచ్చింది. అబద్ధం ఎందుకు రాయాలి? నాలుగు నెలలు! కాకమ్మ కథలన్నీ నమ్మి, ఇక్కడ కూర్చుని అల్లుడికి మెత్తగా ఏం తినిపించాలో నీకు పేజీలు పేజీలు రాశాను. ఆ కోపం ఒక పూట ఉంది. తర్వాత ఆ మూడో వాక్యమే బుర్రలో తిరగడం మొదలైంది. నేను అప్పుడే అనుకున్నాను అంటానా? అంటానే! తప్పకుండా అనేదాన్ని. నిజానికి ఏమీ అనుకోలేదు, ఆ అబ్బాయి నాకు నచ్చాడు, ఇప్పటికీ చెడ్డవాడని అనుకోలేను. అయినా ఊరికే, నోటి తీట కొద్దీ అనేదాన్ని. నా నోటికి భయపడి నా కూతురు నాలుగు నెలలుగా పచ్చ కర్టెన్లు అల్లుకుంటూ కూర్చుంది. అది తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది తల్లీ. నీ నోట్లు చదివినందుకు ఎంత సిగ్గుగా ఉందో, దీనికీ అంతే.

ఈ మూడు వారాలూ ఎలా గడిపానో నీకు చెప్పినా నవ్వుతావు. అక్కర్లేని అప్‌డేట్లు పన్నెండు చేశాను. కేబుళ్ళన్నీ పీకి, రంగులవారీగా పట్టీలు కట్టి మళ్ళీ పెట్టాను. మీ నాన్న పాటలు రెండుసార్లు ఆగిపోయాయి. "దాన్ని ప్రశాంతంగా ఉండనివ్వవేం?" అని ఆయన కేకలేశారు. పోయిన ఉత్తరంలో నీకు అంతా మామూలుగానే రాద్దామనుకున్నాను, అల్లుడి పన్ను దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఎప్పుడూ మీరిద్దరూ క్షేమమని తలుస్తాను అని రాసేదాన్ని, నువ్వు అని రాసేశాను. నీకు అక్కడే అనుమానం వచ్చి ఉంటుంది. వేరే ఇంకు అందుకే. నీ అంత బాగా నాకు అబద్ధం రాయడం చేతకాదులే.

మీ నాన్నకి ఏమీ చెప్పలేదు. చెప్పను కూడా. అది నాకు తెలియాల్సిన పద్ధతిలో తెలిసింది కాదు, నేను ఇంకొకరికి చెప్పడానికి. పక్క గదిలోనే ఉన్నారు. మొన్న ఉన్నట్టుండి "అమ్మాయి ఎలా ఉందంటావు?" అని అడిగారు. ఆయన మామూలుగానే అడిగారు. నేను చెంచా కింద పడేసుకున్నాను.

జరిగిందేదో జరిగింది, చేసింది దిద్దుకోలేను. ఇకముందు జరగకుండా మాత్రం చేశాను. ఈ కాగితం వెనక ఒక కొత్త అడ్రసు రాశాను, బ్రౌజర్లో కొట్టు. అది ఇంకో నోట్స్ యాప్, ఈ వారమే ఎక్కించాను. ఇందులో నువ్వు రాసింది నీ ఫోన్లోనే తాళం పడి, ఆ తర్వాతే నా దగ్గరికి వస్తుంది. పరీక్షకి నేను ఒక నోటు రాసి, డేటాబేస్‌లోకి వెళ్ళి చూశాను. పిచ్చి గీతలు తప్ప ఏమీ కనపడలేదు. ఎంత సంతోషమేసిందో! పాస్‌వర్డు నువ్వే పెట్టుకో. నాకు చెప్పకు, నేను అడిగినా చెప్పకు. మర్చిపోతే మాత్రం నేను కూడా తెరవలేను, నోట్లన్నీ పోయినట్టే. కాగితం మీద రాసి ఎక్కడైనా దాచుకో. పాతవన్నీ అందులోకి మార్చుకున్నాక, పాతదాంట్లోంచి చెరిపెయ్. బ్యాకప్‌లో ఉన్నవి నువ్వు చెప్పిన రోజున నేను చెరిపేస్తాను. నామీద నమ్మకం లేక ఇంకెవరి దగ్గరైనా పెట్టుకుంటానంటే అలాగే పెట్టుకో, నొచ్చుకుంటాను కానీ ఏమీ అనను. అన్నీ మూట కట్టి నీకు పంపిస్తాను.

ఒక్కటే మిగిలింది. ఆ రోజు నోట్ల పేర్లు వరసగా కనపడుతున్నప్పుడు, "అమ్మకి ఎలా" కిందనే ఇంకోటి ఉంది. "కొత్త గది అడ్రసు" అని. ఉత్తరాలన్నీ ఫ్యాక్టరీకే రాయమన్నావు కదా, ఇదీ అక్కడికే వేస్తున్నాను. నువ్వు ఏ వీధిలో ఉంటున్నావో, ఎన్నో నంబరు ఇంట్లో ఉంటున్నావో నాకు తెలియదు. రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని తొమ్మిది రోజులైంది. ఒక్క వరస టైపు చేస్తే చాలు, ఆ సాయంత్రమే బయల్దేరొచ్చు. రోజూ వెళ్ళి ఆ డబ్బా ముందు కూర్చుంటున్నాను, చేతులు ఒళ్ళో పెట్టుకుని లేచి వస్తున్నాను. ఆ నోటు నేను తెరవలేదు. తెరవను.

నన్ను రమ్మనాలనిపిస్తే ఆ రెండు వరసలూ కాగితం మీద నువ్వే రాసి పంపు. వచ్చాక నేనేమీ అడగను. ఆ మాట కూడా అనను. అనిపించకపోతే, ఉత్తరం అందిందని మాత్రం రాయి.

ఇట్లు,
వీధి పేరు తెలియక గుమ్మంలోనే తిరుగుతున్న
మీ అమ్మ